అరణ్య సందర్శనము – అనుమతి పత్రము

విజ్ఞాన విహారయాత్ర అన్న మాట ప్రతి సంవత్సరము దసరా సెలవులు ముగియగానే మన కళాశాలలో వినిపిస్తుంది. వినిపించిన పదిహేను రోజులలో అది గోలకొండకో, జంతు ప్రదర్శనశాలకో, నాగార్జునసాగర్ ఆనకట్టకో కుదించుకొని పోతుంది. అడవి పేరెత్తే విద్యార్థులు లేకపోలేదు. కాని ఆ పేరు కమిటీ సమావేశపు బల్ల దాటి ముందుకు నడవదు. పెద్దలు అడిగే ప్రశ్నలు మూడు: అనుమతి ఎవరిస్తారు? బాధ్యత ఎవరిది? ఆడపిల్లలను ఎట్లా పంపుతాము? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. ఐతే ప్రశ్నల దగ్గరనే ఆగిపోవడము వలన మన వృక్షశాస్త్ర విద్యార్థిని ఆకురాల్చు అడవులను గురించి పది మార్కుల సమాధానము తడుముకోకుండా వ్రాయగలదే గాని, నల్లమద్ది చెట్టు బెరడు ఎట్లుంటుందో ఎరుగదు. ఆ ప్రశ్నలకు చట్టములోను, ఆచరణలోను ఉన్న సమాధానములను మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరించదలచినాము.

అనుమతి ఎవరిస్తారన్నది తేలాలంటే, మనము అడుగు పెట్టబోయే నేల ఏ కోవకు చెందినదో ముందు తెలియవలెను. పచ్చగా కనిపించేదంతా ఒకటే అనుకొనుట చాలమంది చేసే పొరపాటు. నాంపల్లిలోని బాగె-ఆమ్ 1846లో ఏర్పడిన తోట. దాని పేరులోనే అందరిదీ అన్న అర్థమున్నది. అక్కడికి పోవడానికి ఎవరి సెలవూ అక్కరలేదు. మైకు పెట్టి సభ జరుపదలచినప్పుడు మాత్రమే అధికారుల అనుమతి కోరవలసి వస్తుంది. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు టికెట్టు చాలును. సోమవారము సెలవు అన్న సంగతి మరచి బస్సు మాట్లాడుకొన్న బృందములు మాత్రము ఏటా ఒకటి రెండు ఉంటూనే ఉంటాయి.

తోట దాటి అడవి అన్న చోటికి వచ్చేసరికి రెండు చట్టములు ఎదురవుతాయి. ఒకటి 1967 నాటి అటవీ చట్టము. అంతకుముందు తెలంగాణ ప్రాంతములో 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టము, ఆంధ్ర ప్రాంతములో 1882 నాటి మద్రాసు అటవీ చట్టము అమలులో ఉండేవి. రెండింటి స్థానములో వచ్చినదే 1967 చట్టము. దాని 20వ సెక్షను ప్రకారము రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించుట, నిప్పు రాజేయుట, చెట్టు కొట్టుట నేరములు. మన జిల్లాల్లో ఊరి చివర కనిపించే అనేక గుట్టలు రిజర్వు అడవులే. ఆదివారము పూట పొయ్యి రాళ్ళతో సహా ఆ గుట్టలెక్కే కుర్రవాళ్ళు తాము చట్టము గీచిన గీత దాటినామని ఎరుగరు. ఇటువంటి చోటికి విద్యార్థులను తీసుకొనిపోదలచినవారు ఆ ప్రాంతపు రేంజి అధికారికి ఒక ఉత్తరము వ్రాసి, జవాబు చేతికందిన తరువాతనే బయలుదేరవలెను.

రెండవది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము. అభయారణ్యములు, జాతీయ ఉద్యానవనములు దీని కిందికి వస్తాయి. మన పనికి ముఖ్యమైనవి దీనిలోని 27, 28 సెక్షనులు. అభయారణ్యములోనికి ఎవరు రావచ్చునో 27వ సెక్షను లెక్కపెట్టి చెబుతుంది: విధినిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి, అనుమతి పొందినవాడు, లోపల స్థిరాస్తి హక్కు గలవాడు, ప్రజారహదారి మీదుగా పోతున్నవాడు, వీరిపై ఆధారపడినవారు. అంతే. ఇందులో రహదారి మీద పోయేవాని సంగతి గమనింపదగినది. శ్రీశైలము బస్సులో కూర్చుండి నల్లమల గుండా పోయే యాత్రికునికి ఏ పత్రమూ అవసరము లేదు. ఆ బస్సునే ఆపించి, కెమెరాతో చెట్లలోనికి యాభై గజాలు నడచిపోతే మాత్రము అతడు రహదారి మీది ప్రయాణికుడు కాడు, అనుమతి లేని ప్రవేశకుడు. తారు రోడ్డు అంచునే చట్టపు అంచు కూడ ఉన్నదని విద్యార్థులు గుర్తుంచుకోవలెను.

అనుమతి ఏయే పనులకు ఇవ్వవచ్చునో 28వ సెక్షను చెబుతుంది: వన్యప్రాణుల పరిశీలన, ఛాయాగ్రహణము, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపల నివసించేవారితో న్యాయమైన లావాదేవీ. అధ్యయనము, పర్యటన రెండును ఇందులో ఉన్నవి గనుక కళాశాల బృందము చట్టము ఎదుట దొంగవలె నిలబడనక్కరలేదు. మనము అడిగేది దయ కాదు, చట్టమే పేర్కొన్న ప్రయోజనము. సామాన్య పర్యాటకునికి ద్వారము వద్ద ఇచ్చే టికెట్టే అనుమతి పత్రము. కాని బి.యస్సీ. విద్యార్థులు హెర్బేరియము కొరకు ఆకులు, పూలు సేకరింపదలచితే టికెట్టు చాలదు. అభయారణ్యము నుండి ఆకైనా తేవడానికి చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ వ్రాతపూర్వక అనుమతి కావలెను. దరఖాస్తు హైదరాబాదులోని అరణ్య భవనానికి పోవలెను. అది నెలల తరబడి పట్టే వ్యవహారము. విహారయాత్రను, నమూనాల సేకరణను ఒకే ఉత్తరములో ఇరికించినవారికి రెండును దక్కవు. మొదటి యాత్రలో కళ్ళతో చూచి, నోటుపుస్తకములో బొమ్మ గీచుకొని రావడమే మేలు.

ఈ అనుమతి అన్న భావనకు మన నగరములో ఒక చరిత్ర ఉన్నది. ఉర్దూ శాఖ విద్యార్థులకు అది ప్రత్యేకముగా ఆసక్తికరము. తెలంగాణ పల్లెల్లో ముసలివారు ఇప్పటికిని అటవీశాఖను జంగ్లాతు అనే పిలుస్తారు. నిజాం ప్రభుత్వపు మహకమా-ఎ-జంగలాత్ వదలిపోయిన మాట అది. ఆ కాలములో మంచి అడవి అంటే షికార్‌గాహ్, పాలకుల వేటభూమి. ఈనాడు వనస్థలిపురము వద్ద ఉన్న మహావీర్ హరిణ వనస్థలి అటువంటి వేటభూమియే. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరమైన 1975లో ఆ పేరు పెట్టినారు. 1994లో అది జాతీయ ఉద్యానమైనది. జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానము చిరాన్ ప్యాలెస్ ఆవరణ. 1998లో జాతీయ ఉద్యానముగా ప్రకటించబడినది. నల్లమలలోని ఫరహాబాదు కూడ నిజాం కాలపు వేట విడిదియే. ఫరహ్ అనగా ఆనందము. ఆనందము నెలకొన్న చోటు అని ఆ పేరునకు అర్థము. ఆ ఆనందము అప్పుడు తుపాకి చేతబట్టినవారికే దక్కేది. 1972 చట్టము కూడ మొదట లైసెన్సుల మీద కొంత వేటను మిగిల్చింది. 1991 సవరణతో ఆ తలుపు కూడ మూసుకొన్నది. ఒకప్పటి పర్వానా జంతువును కొట్టడానికి, ఇప్పటి పత్రము దానిని చూచి రావడానికి. ఆ షికార్‌గాహ్ గోడల అవతల నిలుచున్నవారి మనుమలు, మనుమరాళ్ళు నేడు కొద్ది రూపాయల టికెట్టుతో లోనికి పోగలుగుతున్నారు. ఈ హక్కును ఉపయోగించుకొనే వారిలో మన విద్యార్థుల సంఖ్య మరీ తక్కువగా ఉండుట మాకు విచారము కలిగించే విషయము.

అలవాటు లేని బృందము మొదటనే నల్లమలకు పోనవసరము లేదు. చిలుకూరు వద్ద మృగవని జాతీయ ఉద్యానము ఉన్నది. 1994లో జాతీయ ఉద్యానమైన ఈ చిన్న అడవి 3.6 చదరపు కిలోమీటర్లది. సగము రోజు పని. మాట్లాడకుండా నడచుట, జట్టు విడిపోకుండుట, తెచ్చిన కాగితము తిరిగి సంచిలో వేసుకొనుట అక్కడ నేర్చుకొనవచ్చును. ఇది చేతనైన జట్టును మాత్రమే దూరము తీసుకొనిపోవలెనని మా అభిప్రాయము.

ఇక నల్లమల. నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము 1978లో ఏర్పడినది. 1983లో పులుల సంరక్షణ పథకము కిందికి వచ్చినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగము తెలంగాణలో అమ్రాబాదు పులుల అభయారణ్యము అయినది. దాని విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. దక్షిణ భాగము ఆంధ్రప్రదేశ్‌లో పాత పేరుతోనే ఉన్నది. దీనివలన యాత్రికునికి కలిగిన మార్పు ఒకటే, కాని ముఖ్యమైనది: మన్ననూరులో తీసుకొన్న అనుమతి కృష్ణ దాటితే చెల్లదు. అటువైపు తుమ్మలబైలు, బైర్లూటి వంటి చోట్లకు పోదలచినవారు ఆంధ్రప్రదేశ్ అటవీశాఖను వేరుగా అడగవలెను. ఒకే రోజులో రెండు వైపులను చూచి వద్దామనుకొనే ఉత్సాహవంతులు ఈ పని పెట్టుకొనకుండుటే మంచిది. అడవికి తొందర పనికిరాదు.

మన బృందమునకు తగినది మన్ననూరు, ఫరహాబాదు మార్గము. హైదరాబాదు నుండి 765వ జాతీయ రహదారి మీద ఆమనగల్లు, డిండి, హాజీపూర్ చౌరస్తా దాటి మన్ననూరు చేరవలెను. సుమారు 140 కిలోమీటర్ల దూరము. మన్ననూరు తనిఖీ కేంద్రము దాటిన తరువాత రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వాహనములను పోనివ్వరు. రాత్రివేళ రోడ్డు దాటే జంతువులు వాహనముల కింద పడకుండా చేసిన కట్టుబాటు ఇది. శ్రీశైలము కూడ చూచి సాయంత్రము తిరిగివద్దామనుకొన్న డ్రైవరు ఘాట్ రోడ్డు మలుపులను లెక్కలోనికి తీసుకొనకపోతే బస్సు గేటు లోపలనే ఆగి తెల్లవారేదాక ఉండవలసి వస్తుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు భయపడేది ఇటువంటి రాత్రికే. కావున మన యాత్రలో శ్రీశైలము చేర్చవద్దని మా గట్టి సలహా.

కాలనిర్ణయము తరువాతి మెట్టు. జూలై 1 నుండి సెప్టెంబరు 30 వరకు పులుల అభయారణ్యములలో పర్యటన నిలిపివేస్తారు. వానలకు అడవి బాటలు బురదవుతాయి. చాల జంతువులు జతకట్టి పిల్లలను కనే కాలము కూడ అదే. ఆగస్టు 15 సెలవు కలిసివచ్చిందని బయలుదేరి, మన్ననూరులో టీ తాగి తిరిగివచ్చిన ఒక కళాశాల బృందమును మేము ఎరుగుదుము. వారికి డబ్బు పోయింది. అంతకంటె, మరుసటి ఏడు అడవి అన్న పేరెత్తే అవకాశము కూడ పోయింది. అక్టోబరులో ద్వారములు తెరచుకొన్నా గడ్డి మనిషెత్తున నిలిచి ఉంటుంది, జంతువులు కనిపించవు. ఫిబ్రవరి నుండి ఆకులు రాలి చూపు దూరము సాగుతుంది గాని, అది కార్చిచ్చు భయము మొదలయ్యే కాలము, మన ప్రాక్టికల్ పరీక్షల కాలము. పైగా రంజాను నెల ఏటా పది పదకొండు రోజులు వెనుకకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి రెండవ వారములోను, 2028లో జనవరి చివరను అది మొదలు కాగలదు. ఉపవాసముతో తొమ్మిది గంటల ప్రయాణము చేయించుట ఎవరికీ సమ్మతము కాదు. ఇవన్నీ చూచుకొంటే మనకు మిగిలేది నవంబరు నడిమి నుండి డిసెంబరు చివరి వరకు ఉన్న ఆరు వారములు. అందులో శుక్రవారములు వదలవలెను. సెలవు దినములలో రద్దీ ఎక్కువ గనుక ఆదివారము కంటె మంగళ, బుధవారములు నయము.

అనుమతి ఉత్తరము ఎట్లుండవలెనన్నది కమిటీకి ముఖ్యమైన అంశము. ఉత్తరము కళాశాల ముద్రిత పత్రము మీద, ప్రిన్సిపాలుగారి సంతకముతో, నాగర్‌కర్నూలు జిల్లా అటవీ అధికారి పేర ఉండి, దాని నకలు మన్ననూరు రేంజి అధికారికి పోవలెను. యాత్ర ఉద్దేశము రెండు వాక్యములలో స్పష్టముగా చెప్పవలెను. ‘వినోదము మరియు విజ్ఞానము’ అన్న పాత పాట కాక, ‘ద్వితీయ సంవత్సరపు వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థులు ఆకురాల్చు అడవిని ప్రత్యక్షముగా చూచుట’ అని వ్రాస్తే చదివే అధికారికి మనమేమి కోరుతున్నామో తెలుస్తుంది. ఒక తేదీ, అది కుదరని పక్షాన మరొక తేదీ. విద్యార్థుల సంఖ్య, విద్యార్థినుల సంఖ్య వేరువేరుగా. వెంట వచ్చే అధ్యాపకుల పేర్లు, ఫోను నంబర్లు. బస్సు నంబరు. దీనికి గుర్తింపు కార్డుల నంబర్లతో కూడిన జాబితాను జతపరచవలెను. ఈ జాబితాయే బాధ్యత ఎవరిదన్న రెండవ ప్రశ్నకు సగము సమాధానము. ఎందుకంటే ద్వారము వద్ద లెక్కపెట్టి పంపినవారినే లెక్కపెట్టి బయటికి తెస్తారు. జాబితాలో లేని తమ్ముడిని, మేనల్లుడిని చివరి నిమిషములో బస్సెక్కించే అలవాటు ఇక్కడ చెల్లదు. ఉత్తరము కనీసము నెల రోజుల ముందు పంపి, వారము తరువాత ఎవరో ఒకరు స్వయముగా పోయి విచారించుట మంచిది. ఈ రోజుల్లో ఆన్‌లైన్‌లో ముందుగా సీట్లు తీసుకొనే సదుపాయము వచ్చినది గాని, నలుగురి కుటుంబమునకు సరిపోయే ఆ పద్ధతి నలభై మంది బృందమునకు సరిపడదు. ఉత్తరమే దారి.

సంఖ్య విషయములో కమిటీవారు ఒక మాట మన్నించవలెను. బస్సు ఖర్చు తగ్గుతుందని అరవై మందిని నింపితే అడవి దగ్గర ఆ లెక్క తలక్రిందులవుతుంది. మన బస్సు రహదారి వరకే. లోపలి బాట మీద శాఖవారి సఫారీ వాహనములే తిరుగుతాయి. అవి కొద్దిమందిని మాత్రమే ఎక్కించుకొంటాయి. ఒక విడత పోయి రావడానికి రెండు గంటలు వేసుకొంటే, మిగిలినవారు అంతసేపు మన్ననూరులో కూర్చోవలెను. ముప్పై మందికి మించని జట్టు, రెండు మూడు విడతలు, వేచి ఉన్నవారికి ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో ఏదైనా పని, ఇది మా అంచనా. లోపలికి వదిలే సంఖ్యకు పరిమితి అధికారుల ఇష్టానుసారము పెట్టినది కాదు. 2012 జూలైలో సుప్రీముకోర్టు పులుల అభయారణ్యముల కోర్ ప్రాంతములలో పర్యటనను తాత్కాలికముగా నిలిపివేసినది. ఆ అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శక సూత్రములు ప్రకటించిన తరువాతనే తిరిగి అనుమతించినది. కోర్ ప్రాంతములో పర్యటనకు విడిచే భాగము 20 శాతము మించరాదన్నది ఆ సూత్రములలో ఒకటి. సీట్లు లేవని చెప్పిన గుమాస్తాతో వాదులాడే ముందు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవలెను.

రుసుములు మారుతూ ఉంటాయి గనుక ఇక్కడ అంకెలు ఇవ్వడము లేదు. కెమెరాకు, వాహనమునకు, మార్గదర్శికి విడివిడిగా ఉంటాయేమో ముందే అడిగి తెలుసుకోవలెను. చెల్లించిన ప్రతి పైసాకు రసీదు తీసుకోవలెను. రసీదు లేని ఖర్చును ఆడిటులో వివరించుట పులి ఎదుట నిలుచుట కంటె కష్టము.

వెంట తీసుకుపోకూడని వస్తువుల విషయములో చట్టము చాల స్పష్టముగా ఉన్నది. నిప్పు రాజేయుట 30వ సెక్షను కింద నిషిద్ధము. ఆయుధముతో ప్రవేశించుట 31వ సెక్షను కింద నిషిద్ధము. అగ్గిపెట్టె, పండ్లు కోసే కత్తి బస్సులోనే వదలవలెను. మన యాత్రలకు ఆనవాయితీగా వచ్చే బిర్యానీ గుండిగ సంగతి ఇక్కడనే చెప్పవలసియున్నది. చెట్ల కింద పొయ్యి పెట్టి వండుట కుదరదు. ఇంటి నుండి వండి తెచ్చుకొన్న భోజనము మన్ననూరులో, అడవి ద్వారమునకు ఇవతల తినవలెను. అమ్రాబాదులో ప్లాస్టిక్ నిషేధము కూడ అమలులో ఉన్నది గనుక నీళ్ళు స్టీలు సీసాలలో తెచ్చుకోవలెను. వజూకు, చేతులు కడుగుకొనుటకు ఒక పెద్ద క్యాను బస్సులో ఉంచుకొంటే జొహర్ నమాజు మన్ననూరులోనే ఇబ్బంది లేకుండా జరుగుతుంది. బట్టలు ఆకు, మట్టి రంగులవి. ఫోను మ్రోగరాదు. జంతువును కవ్వించుట, నేల మీద చెత్త వేయుట కూడ 27వ సెక్షను నిషేధించినవే. కోతులకు అరటిపండు విసరుట దయ అనుకొనేవారు రోడ్డు మీద తిండికి అలవాటు పడిన కోతుల గతి ఏమవుతున్నదో ఆ రహదారి మీదనే చూడవచ్చును.

అడవిలో ఏమి కనిపిస్తుంది? పులి కనిపిస్తుందని చెప్పి ఎవరినీ బస్సెక్కించవద్దు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు కనిపిస్తాయి. దుప్పులు, కణుతులు, నెమళ్ళు కనిపించవచ్చును. ఎలుగుబంటి, చిరుత, రేచుకుక్కలు అదృష్టము మీద ఆధారపడినవి. ఫరహాబాదు కొండ అంచున నిలిచి లోయను చూచిన విద్యార్థికి భూగోళ పాఠములో పీఠభూమి అన్న మాట ఇక మరపునకు రాదు. మా అనుభవములో విద్యార్థులు ఎక్కువగా నేర్చుకొనేది చెంచు మార్గదర్శుల వద్ద. ఒకసారి మా వాహనము పోతుండగా ముందు కూర్చున్న చెంచు యువకుడు చేయెత్తి ఆపించాడు. ‘కొండెంగ అర్సిందంటే ఆగుండ్రి సారూ, అది ఊకె అర్వదు’ అన్నాడు. కొండముచ్చు చెట్టు కొన నుండి వేటజంతువును చూచి అరుస్తుందని, ఆ అరుపు విని దుప్పులు మేత మానుతాయని అప్పుడు వివరించాడు. ఏ జంతువూ మాకు కనిపించలేదు. ఐనా ఆ పది నిమిషముల నిశ్శబ్దమును గురించి పిల్లలు తిరుగుప్రయాణములో చాలసేపు మాట్లాడుకొన్నారు.

చెంచుల విషయము మరికొంత చెప్పవలెను. మనకు అనుమతి కావలసిన ఈ అడవి వారికి ఇల్లు. వారి గూడేలను పెంటలంటారు. అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్ వంటివి అడవి నడుమనే ఉన్నవి. పెంట అన్న మాట విని నవ్వే విద్యార్థులకు అది అక్కడ నివాసమన్న అర్థములో వాడే పాత మాట అని బస్సులోనే చెప్పిపెట్టవలెను. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము అడవిలో తరతరాలుగా జీవించేవారి హక్కులను గుర్తించినది. తేనె తీయుట, గడ్డలు త్రవ్వుకొనుట వారి జీవనము. మనకు నేరమైనది వారికి హక్కు కావడములో అన్యాయమేమీ లేదు. వారి పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయుట, మిఠాయిలు విసరుట మన కళాశాల పేరిట జరుగరాదు. యాత్రకు ముందు హైమన్‌డార్ఫ్ 1943లో చెంచులపై ప్రచురించిన గ్రంథమును గురించి ఒక తరగతి జరిపితే వారిని చూచే చూపు మారుతుంది. చైత్ర పౌర్ణమి రోజులలో మాత్రము సలేశ్వరము జాతర కొరకు ఆ బాట వేలాది ప్రజలకు తెరచుకొంటుంది. ఆ కొద్ది రోజులు దాటితే అటు పోవడానికి వీలు లేదు. జాతరలో పోయివచ్చిన స్నేహితుని మాట నమ్మి డిసెంబరులో సలేశ్వరము చూపించమని ద్వారము వద్ద పట్టుబట్టుట వ్యర్థము.

మూడవ ప్రశ్న మిగిలినది. మొన్నటి ఏడాది అడవి యాత్రకు పేర్లిచ్చినవారిలో విద్యార్థినులే ఎక్కువ. వారిని పంపుటకు వెనుకాడి, వారిని వదలి అబ్బాయిలను మాత్రమే పంపితే బాగుండదని, చివరకు యాత్రనే మానుకొన్నాము. ఎవరికీ అన్యాయము జరుగలేదన్న తృప్తి కొందరికి కలిగి ఉండవచ్చును. మాకు కలుగలేదు. పైన చెప్పిన ఏర్పాటులో రాత్రి బస లేదు. ఉదయము నాలుగున్నరకు బయలుదేరితే ఎనిమిదిన్నరకు మన్ననూరు. పదకొండు గంటలకు మొదటి విడత తిరిగివస్తుంది. మూడింటికి బస్సు కదిలితే ఏడు, ఏడున్నరకు నగరము. ముప్పై మందికి ఇద్దరు అధ్యాపకురాండ్రు, ఒక అధ్యాపకుడు. మరుగుదొడ్లు మన్ననూరులో ఉన్నవి. దారిలో ఎక్కడ ఆగవలెనో ముందే నిర్ణయించుకోవచ్చును. బురఖా ధరించేవారికి వాహనములో ఏ ఇబ్బందీ లేదు. కాలినడక ఉన్నచోట ముళ్ళకు తగులుకోకుండా అంచు కాస్త పైకి ఉంచుకొంటే సరిపోతుంది. తల్లిదండ్రులకు పంపే సమ్మతి పత్రములో బయలుదేరే వేళ, చేరే వేళ, వెంట వచ్చే అధ్యాపకురాండ్ర పేర్లు వ్రాసి, ఉర్దూలోను తెలుగులోను ముద్రిస్తే, చదువుకొన్న తల్లి తానే నిర్ణయించుకొంటుంది. మేము మాట్లాడిన తల్లులలో చాలమంది అడిగినది ఒక్కటే: రాత్రికి ఇంటికి వస్తారా?

దీనికి మరొక ముఖము కూడ ఉన్నది. అటవీశాఖ బీటు అధికారి ఉద్యోగములకు స్త్రీలు కూడ ఎంపికవుతున్నారు. ఆ ఎంపికలో నాలుగు గంటలలో పురుషులు 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడువవలెనన్న పరీక్ష ఉన్నది. మన విద్యార్థినులలో అంత దూరము నడువగలవారు లేరా? ఉన్నారు. కాని డిగ్రీ ముగిసేవరకు ఒక్కసారి కూడ అడవి గడప చూడని పిల్లకు, ఆ ప్రకటన పత్రికలో పడినప్పుడు అది తన కొరకు కూడ అని తోచదు. ఉపాధ్యాయ వృత్తి మంచిదే. కాని ముప్పై మంది పిల్లలను ఒకే తలుపు వైపు నడిపించి, ఇంకో తలుపు ఉన్నదని చెప్పకుండుట కళాశాల చేయవలసిన పని కాదు.

ఈ సంవత్సరపు విషయము. ఉత్తరము అక్టోబరు రెండవ వారములో పోవలెను. పేర్ల జాబితా దానికి వారము ముందు మూసివేయవలెను. మృగవనిలో అభ్యాసపు నడక నవంబరు మొదటి వారములో జరుపవచ్చును. నల్లమలకు డిసెంబరు మొదటి మంగళవారము, కుదరకపోతే మూడవ మంగళవారము. తిరిగివచ్చిన తరువాత ప్రతి విద్యార్థి తాను చూచిన చెట్లు, పక్షుల పేర్లు తెలుగులోను ఉర్దూలోను వ్రాసి ఇవ్వవలెను. ఆ జాబితా వచ్చే సంచికలో అచ్చవుతుంది. అనుమతి ఉత్తరపు నమూనాను, రెండు భాషలలోని సమ్మతి పత్రమును తయారు చేసి ప్రిన్సిపాలుగారి కార్యాలయములో ఉంచినాము. తేదీల చోట, సంతకముల చోట మాత్రము ఖాళీలున్నవి.